కూర్మమ్మ బోటులో ఖాళీలు

విజయనగరం,
ఏప్రిల్ 18, 2025.

గౌరవనీయురాలైన మేనత్త కూర్మమ్మ గారికి, మేనల్లుడు ధనరాజు నమస్కరించి రాయునది.

విషయం: తమ బోటులో ఖాళీ అయిన స్థానం – నా సమ్మతి తెలుపుటకు గడువు కోరుట – గురించి.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని తమరు అడగవచ్చు. తమరు ఫోనెత్తగానే స్పీకరు నొక్కుతారు. గాలి హోరులో మాట వినపడదు కాబట్టి అది న్యాయమే. అయితే ఆ స్పీకరు ద్వారా నా నిరుద్యోగ స్థితి నడిమిపేట రేవులోని ప్రతి బోటుకూ చేరింది. మొన్న మనం మాట్లాడుతుండగా ఎవరో "పాపం, ఎమ్మే సదివినాడట" అనడం నాకు స్పష్టంగా వినిపించింది. ఇకపై ఈ విషయంలో లిఖితపూర్వకంగా వ్యవహరించడం ఉభయులకూ క్షేమం.

అప్పలసూరి మామ మోకాళ్లు ఇక అలలకు ఆగవనీ, వేట నిషేధం ముగిసి జూన్ నడుమ బోట్లు నీళ్లలో దిగేనాటికి ఆయన చోటికి నేను వస్తానో రానో తేల్చమనీ అడిగారు. నాకు సముద్రం మీద అగౌరవం లేదు. నాన్న ఆ నీళ్ల మీదే సంపాదించి నన్ను ప్రభుత్వ పాలనా శాస్త్రంలో ఎం.ఏ. చదివించారు. ప్రభుత్వాలు ఎలా పనిచేస్తాయో ఆ శాస్త్రం చెబుతుంది. అది నా వద్ద తెలుసుకోవాలని ఏ ప్రభుత్వానికీ ఇంతవరకు అనిపించలేదు.

అందుచేత ఇక్కడ కొత్తగా తెరిచిన ప్రాంతీయ ఉపాధి సహాయ కేంద్రంలో పేరు నమోదు చేయించుకున్నాను. అధికారి నరసింగరావు గారు "ప్రస్తుతం ఏం చేస్తున్నారు?" అని అడిగారు. ఏమీ చేయడం లేదన్నాను. "దానికి ధ్రువపత్రం ఉందా?" అన్నారు. తెచ్చి ఇచ్చాను.

ఆ కేంద్రం తీరు నాకు ఆసక్తి కలిగించింది. యజమానులు తమ వద్ద ఉన్న ఖాళీలను తెలియజేయాలి. కేంద్రం అభ్యర్థుల పేర్లను నమోదు వరుసలో పంపాలి. యజమానులు తెలియజేయరు. కాబట్టి వరుస చెక్కుచెదరకుండా ఉంది.

అయినా ప్రభుత్వానికి ఒక అవకాశం ఇవ్వదలిచాను. బోట్లు దిగే రోజు వరకు ఆ చోటును నా పేరున ఉంచవలసిందిగా ప్రార్థన. అప్పటికీ పిలుపు రాకపోతే వచ్చి వల లాగుతాను.

ఇట్లు, తమ విధేయుడు,
ధనరాజు, ఎం.ఏ.


నడిమిపేట, శ్రీకూర్మం దరి,
ఏప్రిల్ 27.

ఒరే ధనా,

నీ ఉత్తరం అందినాది. ముందు గుండె జారిపోనాది. ఇసయం అని రాసి కింద గీత గీసినావు, కోర్టు నోటీసనుకున్నాను. గారు, తమరు అని రాసినావు. నిన్ను సంకనేసుకుని ఒడ్డంతా తిప్పినదాన్ని, నానెప్పుడు తమరయ్యానురా. ఇంకోపాలి అలగ రాస్తే ఇప్పకుండా తిప్పి పంపీస్తాను.

నీకు పని నేదని ఊరికి నా స్పీకరు సెప్పక్కర్నేదు. వచ్చినప్పుడల్లా ఇస్త్రీ సొక్కా ఏసుకుని ఒడ్డున అటూ ఇటూ తిరుగుతావు. పనున్నోడు ఎవుడైనా అలగ తిరుగుతాడేటి.

నీ ఆపీసు సంగతి మూడుపాల్లు సదివినాను. పేరు రాయించుకుని గదికొచ్చి కూకున్నావు, అంతేనా? మన పెద్ద వల మర్సిపోనావేటి. బోటెల్లి వల సుట్టేసి తాడు ఒడ్డుకి తెస్తాది. తాడు మీద సెయ్యేసి లాగినోళ్లకి వాటా ఇస్తారు. ఆడు మనూరోడా, పరాయోడా అని సూడరు. నా పేరు రాసుకోండి బాబూ అని సెప్పి ఇంటికెల్లి తొంగున్నోడికి కవళ్ల సేప తోక కూడా రాదు. నీ ఆపీసూ అలాటిదే అయ్యుంటాది. సర్కారోళ్లు వల ఎప్పుడు లాగుతారో నీకేటి తెలుసు? నువ్వు రోజూ ఎల్లి ఆడ నిలబడు. ఏటీ అడక్కు. ఊరికే నిలబడు. వల వచ్చీసరికి నువ్వు కంటికి కనబడాల.

ఆ నరసింగరావు ఏ ఊరోడు? ఏ సేప తింటాడో కనుక్కో.

నీ సోటు ఉంచుతాను. బోట్లు దిగీదాకే. ఆ తరవాత ఉంచమంటే నా వల్ల కాదు. నలుగురు లాగీ వల ముగ్గురితోనే లాక్కొస్తన్నాం, ఇద్దరితో రాదు. మీ మావ ఉన్నప్పుడు ఏరు, ఇప్పుడు నానొక్కద్దాన్నీ సూసుకోవాల.

నీ అత్త
కూర్మమ్మ


విజయనగరం,
మే 6.

అత్తా,

నీ ఆదేశం మేరకు సంబోధన సవరించడమైనది. ఆసక్తికరమైన పరిణామాలున్నాయి కనుక విపులంగా రాస్తున్నాను.

నమోదు కేంద్రానికీ పెద్ద వలకూ తేడా ఉందని నీకు వివరిద్దామని కూర్చున్నాను. రాయబోతే ఆ తేడా ఏమిటో నాకే స్పష్టంగా తోచలేదు. సరే, చూద్దామని వెళ్లి నిలబడ్డాను.

అభ్యర్థులు ఆ కేంద్రానికి పని ఉన్నప్పుడే వస్తారు, అంటే కార్డు గడువు తీరినప్పుడు. ఏ పనీ లేకుండా రోజూ ఉదయమే వచ్చి, గోడ పక్కన నిలబడి, ఎవరినీ ఏమీ అడగకుండా చూసే మనిషిని వారు ఇంతకు ముందు ఎరుగరు. మొదట నన్ను పట్టించుకోలేదు. తర్వాత గుమస్తాలు నా వైపు చూసి గొంతు తగ్గించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వేళకు రావడం మొదలుపెట్టారు. నిన్న నరసింగరావు గారు స్వయంగా లేచి, "మీరు నిలబడితే మాకు బాగుండదు" అని తమ బల్ల పక్కనే ఒక కుర్చీ వేయించారు. టీ కూడా వచ్చింది. కారణం నేను అడగలేదు. ఏమీ అడగవద్దని నువ్వే అన్నావు.

కుర్చీలో కూర్చున్నవాణ్ని జనం అడుగుతారు. షీబా అనే అమ్మాయి వచ్చింది. మిషన్ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ శిక్షణ పొందింది. తన పేరు వరుసలో ఎక్కడుందో చెప్పమంది. "వరుస సంగతి అలా ఉంచండి, మీకు ఏ పని వచ్చు?" అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. ఈ కేంద్రంలో ఇంతవరకు తనను ఆ ప్రశ్న ఎవరూ వేయలేదట. నీళ్లు, రక్తం, ఏది ఇచ్చినా పరీక్షించి చెబుతానంది. అటువంటి మనిషి ఎవరికి కావాలా అన్న ఆలోచన అప్పటి నుంచి నన్ను వదలడం లేదు.

నరసింగరావు గారిది చీపురుపల్లి వైపు. చేపలు తింటారు. ఇష్టం ఏదో తెలియరాలేదు.

నీ మేనల్లుడు,
ధనరాజు


నడిమిపేట,
మే 14.

ఒరే ధనా,

సెప్పినానా నేదా. నిలబడరా అంటే నిలబడినావు, కుర్సీ ఇచ్చినారు. నీ ఉత్తరం కుర్సీ దాకా సదివి ఎంటనే శ్రీకూర్మం ఎల్లి సావికి కొబ్బరికాయ కొట్టించినాను. ఒచ్చి మిగతాది సదివినాను. ఎవరో ఆడగుంట, రక్తం పరీచ్చలంటా రాసినావు, ఒంట్లో బాగుంది గదా?

పెద్ద దొర బల్ల పక్కనే కుర్సీ అంటే సిన్న ఉజ్జోగం కాదు. మన రేవులో సెప్పీసినాను. అప్పలసూరి బావ నమ్మలేదు. "జీతమెంతో రాసినాడేటి?" అన్నాడు. తొలి నెల గడవకుండా జీతమడుగుతారేటి, మర్యాద ఉండక్కర్నేదా అన్నాను.

నీ సోటు మన పక్కింటి తాతమ్మ కొడుకు శివాజీకి ఇచ్చీసినాను. కుర్రోడు మంచోడు, వల బాగుసేత్తాడు. నీకింక ఈ ఉప్పునీళ్ల పని ఎందుకు. మీ నాన్న ఉంటే ఎంత సంబరపడీవోడో.

వెంకీ సేత ఎండు నెత్తళ్లు పంపుతన్నాను. నా బోటు ఇంజను సూసీ వెంకీయే. సగం నీకు, సగం దొరకి. ఆ ఎనకాల శివాజీ వస్తాడు. నీ వల్ల సోటొచ్చింది గదా, నీకు దణ్ణం పెట్టాలంటన్నాడు. ఇద్దరికీ ఇంత అన్నం పెట్టి పంపు. ఆడు మీ ఆపీసులో నీ కుర్సీ ఎలగుందో సూసొచ్చి నాకు సెప్పాల.

కూర్మమ్మ


విజయనగరం,
మే 24.

అత్తా,

ముందుగా ఒక సవరణ. నన్ను ఎవరూ ఉద్యోగంలో నియమించలేదు. కుర్చీ వేశారు, అంతే. దానికి కారణం ఇప్పుడు తెలిసింది. పై కార్యాలయం నుంచి రహస్యంగా పరిశీలించడానికి వచ్చిన తనిఖీ అధికారినని వారు భావిస్తున్నారు. కానని నేను చెప్పాను. "తెలుసండీ, చెప్పకూడదు కదా" అని నరసింగరావు గారు తలుపు దగ్గరగా వేశారు. శివాజీకి చోటివ్వడంలో నువ్వు కొంత తొందరపడ్డావేమో ఆలోచించగలవు.

రెండవది నివేదిక. ఖాళీల వివరాలు ఎందుకు రావని నేను నరసింగరావు గారిని అడిగాను. యజమానులు చెప్పరని అన్నారు. వారిని ఎవరైనా అడిగారా అన్నాను. ఆయన ఫోను నా వైపు జరిపారు. తనిఖీ అధికారి అడిగిన వస్తువు ఇవ్వకపోవడం బాగుండదని కాబోలు. నేను ఫోను చేశాను. నరసన్నపేట దారిలో రొయ్యల చెరువుల వారికి నీటి పరీక్షలు చేసే మనిషి కావాలట, దొరకక ఏడాదిగా నీళ్లను విశాఖపట్నం పంపించుకుంటున్నారట. షీబా మర్నాడే చేరింది. ఫోను పెట్టేశాక నరసింగరావు గారు ఆ ఫోనును కొంతసేపు చూశారు.

మూడవది, నువ్వు పంపిన అభ్యర్థులు. వెంకీ సంచీతో వచ్చాడు. సంచీలో ఏముందో కేంద్రంలో అందరికీ అడగకుండానే తెలిసింది. వరుసలో నిలబడినవారు గౌరవంగా దారి ఇచ్చారు. అతన్ని కూర్చోబెట్టి ఏ పని వచ్చని అడిగాను. నోరు తెరిచి చెప్పడం మొదలుపెడితే, అత్తా, ఆ మనిషికి ఇంజను శబ్దం విని రోగం చెప్పడం వచ్చని నాకు ఇన్నేళ్లూ తెలియదు. ఐసు ఫ్యాక్టరీ వారికి అటువంటివాడే కావాలి. నెల జీతం, ఉండడానికి గది. "అత్తకి సెప్పాలి బావా" అన్నాడు. నిన్ను పంపిందే ఆమె కదా అన్నాను. అది నిజమేనని ఒప్పుకుని చేరిపోయాడు.

శివాజీకి రొయ్యల చెరువులలో వలలు, తెరలు కట్టే పని దొరికింది. నాకు దణ్ణం పెట్టి వెళ్లాడు.

ఇంకా ఎవరినైనా పంపదలిస్తే పంపు. ఈ పనిలో ఏదో ఉంది. ఒక మనిషిని ఎదుట కూర్చోబెట్టి నీకేం వచ్చని అడిగితే, వచ్చినదాని కంటే తక్కువ చెబుతాడు. రెండోసారి అడగాలి.

నెత్తళ్లు కార్యాలయ ఆవరణలో పంపిణీ చేయడమైనది. ప్రవర్తనా నియమావళి గురించి ఎవరూ ప్రస్తావించలేదు.

ధనరాజు


నడిమిపేట,
జూన్ 2.

ఒరే,

నీ పేరు కూడా రాయను. అంత కోపంగా ఉన్నాది.

నిన్ను ఇనిస్పెట్రు సేసినారని సదివి ముందు సంతోసించినాను. కుర్సీ ఇచ్చి నెల తిరక్కుండా అంత పైకెల్లినాడు అని రేవులో సేపలమ్మీ బుల్లమ్మకి కూడా సదివి ఇనిపించినాను. ఆ తరవాత కిందికెల్లి సదివితే కళ్లు తిరిగినాయి.

నాను పంపింది ఎండు నెత్తళ్లురా. మనుసుల్ని కాదు. వెంకీ పొద్దున్న బస్సెక్కి సాయంత్రానికి రావాల. ఆడు రానేదు. మర్నాడు శివాజీ ఎల్లినాడు, ఆడూ రానేదు. విజయనగరంలో ఏటైపోనారో అని తాతమ్మ నా గుమ్మంలో కూకుని ఏడిసినాది. ఇప్పుడేటో కొడుక్కి జీతమంటన్నారని నవ్వుతన్నాది, నా ముందే.

నా బోట్లో ఇంజను సూసీవోడు లేడు. వల బాగుసేసీవోడు లేడు. అప్పలసూరి బావకి మోకాళ్లు లేవు. ఉన్నోడు ఒక్కడే, నరిసిగాడు, ఆడొక్కడు సముద్రంలోకెల్లి ఏటి సేత్తాడు, పాటలు పాడతాడేటి. బోట్లు దిగీది పదైదో తారీకు. ఆ రోజు ఒడ్డున నా బోటొక్కటే ఇసకలో ఉంటే, మీ మావ పోయిన కాడనుంచీ ఇది బోటు నడపలేదు, అమ్మీస్తాది అని సూస్తన్నోళ్లు నలుగురున్నారు. ఆళ్లకి నువ్వే దారి సూపించినావు.

నువ్వు పని ఇప్పించీ దొరవైతే నాకూ ఇప్పించు. నాకు ముగ్గురు మనుసులు గావాల. మీ ఆపీసులో లచ్చ మంది పేర్లుంటాయి గదా. పంపు.

కూర్మమ్మ


విజయనగరం,
జూన్ 8.

అత్తా,

నీ కోపం సహేతుకం. సమాధానం వరుసగా రాస్తాను.

నేను ఇన్‌స్పెక్టరును కాను. ఆ మాట ఇప్పుడు అందరికీ తెలిసింది. మొన్న నరసింగరావు గారు "తనిఖీ నివేదిక ఎప్పుడు పంపుతారు?" అని అడిగారు. నేను నా నమోదు కార్డు చూపించాను. ఆయన కార్డు తిప్పి చూసి, కళ్లజోడు తీసి, "మీరు అభ్యర్థా?" అన్నారు. మొదటి రోజు నుంచీ అదే చెబుతున్నానన్నాను. ఆయన కోప్పడలేదు. అభ్యర్థులు బెంచీ మీద కూర్చోవాలని మాత్రం అన్నారు. కూర్చున్నాను. ఒక ఇబ్బంది వచ్చింది. వరుస కుర్చీ దగ్గర ఆగకుండా బెంచీ దగ్గరకు వచ్చింది.

ఇక నీ ఉత్తరం. అందులో చివరి నాలుగు వాక్యాలు ఆయనకు చదివి వినిపించాను. మిగతావి వినిపించలేదు. "ఈవిడ యజమానా?" అన్నారు. అవునన్నాను. "తనంత తానుగా మూడు ఖాళీలు తెలియజేశారా?" అన్నారు. అవునన్నాను. ఈ కేంద్రం తెరిచాక అడగకుండా ఖాళీలు తెలియజేసిన తొలి యజమానివి నువ్వేనట. నీ ఉత్తరానికి ముద్ర వేయించి పైకి పంపారు.

నియమం ప్రకారం పేర్లు నమోదు వరుసలోనే పంపాలి. ఈత వచ్చినవారిని పంపుదామని నేను అన్నాను. అర్హతల గడిలో ఈత లేదని అన్నారు. కనుక పదమూడో తారీకు ఉదయం నడిమిపేట రేవుకు కొందరు ఇంటర్వ్యూకు వస్తారు. వారిలో ఒకరు గణితంలో ఎం.ఫిల్. మర్యాదగా చూడవలెను.

ఆ పిలుపులలో ఒకటి నాకు వచ్చింది. ప్రభుత్వం నాకు పంపిన మొట్టమొదటి ఇంటర్వ్యూ లేఖ అది. పని: వల లాగుట. యజమాని: శ్రీమతి కూర్మమ్మ.

ఇది నవ్వులాట కాదు అత్తా. ఏప్రిల్‌లో నువ్వు ఉట్టినే ఇస్తానన్న చోటును నేను గడువు అడిగి పోగొట్టాను. నా చేతులతో నీ బోటు ఖాళీ చేశాను. ఆ ఇంటర్వ్యూకు వస్తున్నాను. తీసుకుంటే గది ఖాళీ చేసి పదిహేనున బోటెక్కుతాను, మళ్లీ కేంద్రం మాట ఎత్తను. నాకు ఈత వచ్చు, వల లాగడం సగం వచ్చు.

ధనరాజు


నడిమిపేట,
జూన్ 16.

ఒరే ధనా,

పదమూడున నీ మొకాన ఏటీ సెప్పకుండా పంపీసినాను. ఉత్తరాల్లో మొదలెట్టినాం, ఉత్తరంలోనే తేల్సుకుందాం.

ముందు బోటు సంగతి. నిన్న దిగినాది. నలుగురితోనే దిగినాది.

నువ్వు పంపిన లెక్కల మాస్టారు మంచోడే. బోటు ఊగతా ఉంటే ఒడ్డున నిలబడి సూసి కక్కుకున్నాడు. మజ్జిగిచ్చి పంపినాను. ఇద్దరు మాత్రం పని సేసీ మనుసులు, భీమిలి కాడి కుర్రోళ్లు, ఆళ్లని తీసుకున్నాను. మూడోవోడు ఒకడు కనబడ్డాడు, బలంగా, ఎర్రసొక్కా. ఈడైతే బాగుంటాడు అనుకుంటన్నాను. ఇంతలో నువ్వు దిగినావు.

నీ వంతు వచ్చీదాకా లైన్లో కూకోమంటే కూకున్నావా? నువ్వు కనబడక నాను ఒడ్డంతా ఎతికినాను. వలల షెడ్డు కాడ బుల్లమ్మని నిలబెట్టి నీకేటి వచ్చు అని అడుగుతన్నావు. యాబయ్యేళ్ల మనిషి, ఎవరూ అడగని మాట అడిగినాడని సిగ్గు పడిపోతన్నాది. పక్క బోటు నరసయ్యకి మనిషి గావాలని తెలుసుకుని, నాను అనుకున్న ఎర్రసొక్కావోణ్ణి తీసుకెల్లి ఆడికి అప్పగించీసినావు. నా కళ్లముందే. ఇంటర్వూకొచ్చినోడివి, నాకు రావలసిన మనిషిని పక్క బోటెక్కించినావు.

అప్పుడు తిట్టాలనే వచ్చినాను. అప్పలసూరి బావ ఆపినాడు. "సూడవే కూర్మీ, ఈడి మొకం ఎలగుందో" అన్నాడు. సూసినాను. నువ్వు ఇస్త్రీ సొక్కాతో ఇన్నాళ్లూ ఈ ఒడ్డున తిరిగినావు గానీ, నీ మొకం అలగ నానెప్పుడూ సూడలేదు.

నిన్ను నా బోట్లోకి తీసుకోను. నువ్వు సముద్రం మీదికెల్తే వల కాడ సేపని కూడా నీకేటి పని వచ్చు అని అడుగుతావు. నా నాలుగో మనిషి అప్పలసూరి బావే. కూకునే ఇంజను సూత్తాడు, దానికి మోకాళ్లు అక్కర్నేదట. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదని సెప్పలేదట. నువ్వే అడిగినావని సెప్పినాడు.

మీ దొర కాగితం పంపినాడు, తీసుకోపోతే ఎందుకో రాయమన్నాడు. రాసినాను. "ఈడికి పనుంది. జీతమే నేదు." అంతే రాసినాను.

జీతం సంగతి రేవులో మాటాడినాం. వాటా తీసినప్పుడు బోటుకొకటి, వలకొకటి, ఇంజనుకొకటి తీత్తాం గదా. మనిషిని తెచ్చినోడికి గూడా ఒకటి తీద్దాం అన్నాను. నరసయ్య గునిసినాడు గానీ ఎర్రసొక్కావోడు బాగా లాగుతన్నాడు, ఒప్పుకున్నాడు. సీజన్ మొదట్లో మనుసుల కోసం కాళ్లరిగేలా తిరుగుతాం, ఆ తిరుగుడు నువ్వు తిరుగు. సీజను లేనప్పుడు మనోళ్లకి బయట పని సూడు. సేపల షెడ్డు పక్క గది ఊడ్పించినాను. వస్తావో రావో సెప్పు. ఈపాలి గడువు అడక్కు.

కూర్మమ్మ


విజయనగరం,
జూన్ 21.

అత్తా,

వస్తాను.

కొన్ని వివరాలు. నువ్వు రాసిన కారణం నరసింగరావు గారికి అందింది. జీతం లేదన్న రెండో వాక్యానికి కాగితంలో గడి లేదు కాబట్టి మొదటి వాక్యాన్నే లెక్కలోకి తీసుకున్నారు. పని ఉన్నవాడి పేరు నిరుద్యోగుల వరుసలో ఉండరాదు. నా పేరు కొట్టివేశారు. ఉపాధి పొంది తొలగిన అభ్యర్థుల పట్టికలో నన్ను చేర్చారు. పై అధికారుల నుంచి అభినందన లేఖ వస్తుందట. నాకు కాదు, కేంద్రానికి.

ఇక నేను ఆ బెంచీ మీద కూర్చోకూడదు. నిన్న సామాను సర్దుకుని చెప్పి వద్దామని వెళ్లాను. లోపలికి వెళ్లకముందే బయట టీ కొట్టు దగ్గర ముగ్గురు ఆపారు. వాళ్లలో ఒకావిడ జీడిపప్పు ఒలుస్తుంది, ఇంకేమీ రాదంది. రెండోసారి అడిగాను. ఇద్దరు మేస్త్రీలకు లెక్కలు చూసి పెడుతుందని తేలింది. ఆవిడ వివరాలు తీసుకున్నాను. మన రేవులో చేపల లెక్క చూసేవారు ఎవరైనా కావాలా, బుల్లమ్మను అడిగి ఉంచు.

నరసింగరావు గారు గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. ఎక్కడికి వెళుతున్నానో, అక్కడ ఏం చేస్తానో శ్రద్ధగా అడిగి తెలుసుకున్నారు. ఈ నెలాఖరుకు ఆయన పదవీ విరమణ. ఉపాధి శాఖలో ముప్పై ఏళ్ల పైగా అనుభవం. అటూ ఇటూ చూసి, నా చెయ్యి పట్టుకుని, తనలాంటి వాడికి ఎక్కడైనా ఏదైనా పని దొరుకుతుందేమో చూడమన్నారు.

మీకు ఏ పని వచ్చు అని అడిగాను.

ఆయన రేపు చెబుతానన్నారు.

నీ మేనల్లుడు,
ధనరాజు